స్పోకుల చక్రం విప్పితే ముందు మధ్యలో చూడండి

(నెల్లూరులో పాత కార్ల యజమానులు, మోటారు మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు వస్తే మంచిది. బల్ల మీది చక్రం పెద్దదే గానీ, నేను చూపించబోయే అరుగుదల చాలా చిన్నది. అక్కడి నుంచి చూస్తే ఈ చక్రం నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. స్పోకులన్నీ ఉన్నాయి, రిమ్ము వంకర పోలేదు, వెండి రంగు తళతళలాడుతోంది. అయినా దీన్ని ఏ కారుకూ తగిలించకూడదు. ఎందుకు తగిలించకూడదో చెప్పడమే ఈ పూట నా పని.

మన ప్రాంతంలో స్పోకుల పని తెలిసినవాళ్ళకు కొదవ లేదు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడికి వెళ్ళినా సైకిల్ షాపులో చక్రం బెండు తీసేవాళ్ళు ఉంటారు. బుల్లెట్ చక్రానికి కొత్త స్పోకులు అల్లి, వేలు అడ్డంపెట్టి తిప్పుతూ, చూపుతోనే వంకర పట్టేసేవాళ్ళు ఈ హాలులోనే కొందరు కూర్చుని ఉన్నారు. అందుకే ఎవరింట్లోనైనా పాత బ్రిటిష్ కారు, అంటే ఎం.జి. గానీ ట్రయంఫ్ గానీ జాగ్వార్ గానీ ఉంటే దాని చక్రాలు నేరుగా వాళ్ళ దగ్గరికే వెళతాయి. అందులో తప్పు లేదు. స్పోకు, దాన్ని రిమ్ముకు బిగించే చిన్న నట్టు అంటే నిపిల్, రిమ్ము, ఈ మూడింటి వరకు ఆ విద్య పూర్తిగా పనికివస్తుంది. అయితే సైకిల్‌కైనా బుల్లెట్‌కైనా చక్రం మధ్యలోంచి ఇరుసు దూరుతుంది, పక్కల నట్లు బిగిస్తాం. ఈ కార్ల చక్రానికి ఆ ఏర్పాటు లేదు. చక్రం మధ్యలో ఒక గొట్టం, గొట్టం లోపల చుట్టూ పళ్ళు. కారు ఇరుసు కొసన చక్రం ఎక్కే భాగాన్ని హబ్బు అంటారు, దాని మీద కూడా అలాంటి పళ్ళే. ఈ పళ్ళను స్ప్లైన్లు అంటారు. చక్రం పళ్ళు హబ్బు పళ్ళ మధ్యకు జారి కూర్చుంటాయి. బయటి నుంచి ఒకే ఒక్క పెద్ద నట్టు చక్రాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. మనకు అలవాటైన విద్య సరిగ్గా ఆ పళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కారును ప్రమాదంలో పడేసేది కూడా అక్కడే మొదలవుతుంది.

చరిత్రను త్వరగా దాటేస్తాను. ఈ చక్రం సైకిల్ నుంచే వచ్చింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో, స్పోకులను చక్రం మధ్యభాగం నుంచి ఏటవాలుగా అల్లే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఊళ్ళో సైకిళ్ళు తయారుచేసే రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ 1908 ప్రాంతంలో, ఒక్క నట్టు విప్పితే ఊడివచ్చే కారు చక్రాన్ని తెచ్చింది. అప్పటివరకు చాలా కార్లకు చక్రం ఊడేది కాదు. పంక్చరు పడితే టైరును రోడ్డు మీదే విప్పి అతుకు వేసుకోవలసిందే. తరువాతి కాలంలో టైర్ల కంపెనీ డన్‌లప్ వీటిని పెద్ద ఎత్తున తయారుచేసింది. 1945లో వచ్చిన ఎం.జి. టి.సి.కి 19 అంగుళాల సన్నని చక్రాలు, 1961 నాటి జాగ్వార్ ఇ-టైప్‌కు 72 స్పోకులవి, 1962లో వచ్చిన ఎం.జి.బి.కి 60 స్పోకులవి. మన అంబాసిడర్‌కు ఉన్నవి మామూలు ఉక్కు చక్రాలు. పెళ్ళి ఊరేగింపుల్లో కొన్ని అంబాసిడర్లకు మెరిసే స్పోకులు కనిపిస్తాయి చూడండి, అవి చక్రం మీద నొక్కిన మూతలు. వాటిని ఎలా తనిఖీ చేయాలో మాత్రం నన్ను అడగకండి. (నవ్వులు)

చక్రం బరువును ఎలా మోస్తుందో తెలిస్తే ఎక్కడ అరుగుతుందో దానంతట అదే తెలుస్తుంది. ఎద్దుబండి చక్రంలో కర్ర ఆకులు కింద నిలబడి బరువు మోస్తాయి. తీగ అలా నిలబడలేదు, నొక్కితే వంగిపోతుంది. అందుకని స్పోకులన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తారు. బండి బరువు పడినప్పుడు కింద ఉన్న స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి వెళ్ళగానే మళ్ళీ బిగుస్తాయి. ఎం.జి.బి. టైరు ఒక్క చుట్టు తిరిగితే కారు దాదాపు రెండు మీటర్లు ముందుకు పోతుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు. అంటే ఆ ఒక్క ప్రయాణంలో ప్రతి స్పోకూ 60 వేల సార్లు సడలి, 60 వేల సార్లు బిగుస్తుంది. మొదట్లో బిగువు సరిగ్గా ఉంటే మంచి ఉక్కు దీన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. వదులుగా ఉన్న స్పోకు మాత్రం కిందికి వచ్చినప్పుడల్లా పూర్తిగా సడలిపోయి, చక్రం మధ్యభాగం దగ్గరి వంపులో ఊగుతుంది. ఆ వంపులోనో, నిపిల్ లోపల మర మొదలయ్యే చోటో తెగుతుంది. తెగినదాని భారం పక్కవాటి మీద పడుతుంది. అందుకే స్పోకులు చక్రమంతా అక్కడొకటి ఇక్కడొకటిగా కాకుండా ఒకే చోట వరసగా తెగడం చూస్తాం. తెగిన చోట కొత్తది వేసి చేతులు దులుపుకోకండి. దానికి అటు రెండు, ఇటు రెండు స్పోకులు అప్పటికే నలిగి ఉంటాయి.

ఇక విప్పడం. చక్రాన్ని విప్పి బల్ల మీద పెట్టాకే తనిఖీ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అసలైన పరీక్ష చక్రం కారుకు ఉండగానే చేయాలి. విప్పిన తరువాత దాన్ని చేయడానికి వీలుండదు. కారును జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చేయి పెట్టేవాళ్ళతో నేను మాట్లాడను. వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేకు వేయండి, ముందు చక్రమైతే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. ఇప్పుడు టైరును రెండు చేతులతో పట్టుకుని ముందుకు, వెనక్కు తిప్పడానికి ప్రయత్నించండి. బ్రేకు డ్రమ్ము కదలదు. చక్రం కూడా కదలకూడదు. వెంట్రుకవాసి కదిలి, లోపల 'టక్' మంటే, పళ్ళు అరిగాయని అర్థం. టైరును పైన, కింద పట్టి ఊపితే వచ్చే కదలిక వేరు, అది బేరింగుకు సంబంధించినది. రెండింటినీ కలిపేసుకోకండి.

రివర్సు నుంచి మొదటి గేరుకు మార్చినప్పుడు వెనక నుంచి 'టక్' మని వినిపిస్తే చాలామంది ఇంజను శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటును అనుమానిస్తారు. అది కావచ్చు, వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ కావచ్చు. జాయింటు మార్చినా శబ్దం పోలేదంటూ ఇంకా లోపలికి విప్పుకుంటూ పోయేముందు, ఇప్పుడు చెప్పిన పరీక్ష చేయండి. డబ్బు ఖర్చు లేదు, రెండు నిమిషాల పని.

నట్టు సంగతికి వస్తే, పాతవాటికి రెండో మూడో రెక్కలుంటాయి. ఆ రెక్కలను సుత్తితో కొట్టి విప్పాలి. పాదచారులకు తగిలితే ప్రమాదమని అమెరికాలో 1968లో రెక్కలను నిషేధించారు. అందుకే ఆ తరువాతి కార్లకు ఎనిమిది పలకల నట్లు వచ్చాయి. వాటికి ప్రత్యేకమైన పానా ఉంటుంది. పైపు పానాతో పట్టిన నట్టును చూడగానే గుర్తుపట్టవచ్చు, దాని ముఖం మీద జరిగినదంతా రాసి ఉంటుంది. రెక్కల నట్టుకు రాగి సుత్తి వాడండి. అది లేకపోతే గట్టి చెక్క ముక్క అడ్డంపెట్టి కొట్టండి. ఇనుప సుత్తితో నేరుగా కొడితే రెక్క నలుగుతుంది, కొన్నాళ్ళకు పగుళ్ళు వస్తాయి.

ఏ వైపుకు కొట్టాలి? ఇక్కడ తడబడినవాళ్ళు ఎంతోమంది. కారు ఎడమ పక్క హబ్బుకు కుడి మర, అంటే కుడికి తిప్పితే బిగిసేది ఉంటుంది, కుడి పక్క హబ్బుకు ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసేది ఉంటుంది. సైకిల్ పెడళ్ళలో ఎడమ దానికి ఎడమ మర ఉంటుందని మీకు తెలుసు. ఇక్కడ అది తిరగబడింది. గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి చెబుతాను. ఏ పక్క నిలబడ్డా సరే, నట్టుకు పైన ఉన్న రెక్కను కారు ముందు వైపుకు కొడితే వదులవుతుంది, వెనక వైపుకు కొడితే బిగుస్తుంది. రెండు పక్కలా ఇదే సూత్రం. చాలా నట్ల మీద బాణం గుర్తు, 'అన్‌డూ' అనే అక్షరాలు కూడా ఉంటాయి గానీ, పదిసార్లు మెరుగు పట్టాక అవి మాయమవుతాయి.

ఈ మరల ఏర్పాటు అలంకారం కోసం పెట్టింది కాదు. కారు నడుస్తుంటే చక్రం, నట్టు ఒకదాని మీద ఒకటి కంటికి కనిపించనంతగా జరుగుతాయి. ఆ జరుగుడు నట్టును బిగించే వైపుకే ఉండేలా మరలను ఎంచుకున్నారు. ఎవరైనా వెనక ఇరుసు విప్పి, ఎడమ హబ్బును కుడి పక్కకు, కుడిదాన్ని ఎడమకు బిగించారనుకోండి, అదే జరుగుడు నట్టును విప్పడం మొదలుపెడుతుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఒక కారు పెద్ద వర్క్‌షాపులో మరమ్మతు చేయించుకుని వచ్చింది. ఎన్నిసార్లు బిగించినా రెండు వెనక నట్లూ సడలిపోతున్నాయని యజమాని తెచ్చాడు. ఆయన అప్పటికే ఒక సుత్తిని డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాడు. చూస్తే హబ్బులు తారుమారయ్యాయి. బిగించడం చాలలేదేమోనని ఆయన ఇంకా గట్టిగా కొట్టడంతో నట్ల లోపలి మరలు కూడా దెబ్బతిన్నాయి. పాత కారు కొన్న రోజునే నాలుగు నట్లూ విప్పి మరలు ఏ పక్కవి ఆ పక్కే ఉన్నాయో లేదో చూసుకోండి.

విప్పేముందు ప్రతి చక్రం మీదా సుద్దముక్కతో ముందు ఎడమ, వెనక కుడి అని రాయండి. తరువాత ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పరీక్ష కోసం లేపిన కారును దింపి, బరువు నేల మీద ఉండగా, మిగతా చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, నట్టును కేవలం వదులు చేయండి. ఆ తరువాతే జాకీ ఎత్తాలి. చక్రాన్ని లాగేటప్పుడు నేల మీద కూర్చుని, ఇరుపక్కల సమానంగా పట్టుకుని నిటారుగా లాగాలి. పైన మాత్రమే పట్టి లాగితే చక్రం వాలి, పళ్ళు పట్టేస్తాయి.

కొన్ని చక్రాలు ఎంత లాగినా రావు. మన దగ్గర ఇది ఎక్కువ. 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు వి.ఎ. అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇచ్చే నిబంధన తెచ్చింది. అలా నమోదైన కారును రోజువారీ తిప్పడానికి లేదు. కాబట్టి అది ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వాన, ఆ పైన సముద్రపు గాలి. పళ్ళ మధ్య గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టుకుంటుంది. అలాంటి చక్రానికి కిరోసిను, ఇంజను నూనె కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. నట్టును పూర్తిగా తీసేయకుండా రెండు మూడు చుట్లు మర మీద ఉంచి, టైరు లోపలి పక్కన రబ్బరు సుత్తితో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టండి. నట్టు ఎందుకు ఉంచాలంటే, చక్రం ఒక్కసారిగా ఊడి మీద పడకుండా. స్పోకుల మీద, రిమ్ము మీద కొట్టకూడదు. గ్యాసు మంటతో వేడి చేయడం అసలే వద్దు. గాలి నిండిన టైరు దగ్గర మంట పెడితే టైరు పేలి మనుషులు చనిపోతారు.

చక్రం వచ్చింది. ఇప్పుడు స్పోకుల వైపు చూడకండి. హబ్బు వైపు చూడండి. (బల్ల మీది హబ్బును ఎత్తి చూపించారు.) తుడవకముందే చూడాలి, అదే ముఖ్యం. గ్రీజు నల్లగా ఉంటే సరే. ఎర్రమట్టి రంగులో, ముద్దలా ఉంటే పళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయని అర్థం. గ్రీజే లేకుండా ఎర్రని పొడి రాలితే పరిస్థితి ఇంకా ముదిరింది. ముందే తుడిచేస్తే ఈ సాక్ష్యం పోతుంది. చూశాక కిరోసినుతో కడిగి, ఎండలోకి తెచ్చి, పళ్ళను కొసవైపు నుంచి చూడండి. మంచి పన్నుకు పైన చదునైన అంచు ఉంటుంది. అరిగేకొద్దీ ఆ చదును సన్నబడి, చివరికి పన్ను కత్తి అంచులా మొనదేలుతుంది. ఒక పక్కే ఎక్కువ తినేసి, పన్ను వాలిపోయినట్టు కనిపించడం కూడా మామూలే. ఇంజను లాగే వైపు, బ్రేకు ఆపే వైపు దెబ్బ సమానంగా పడదు కదా. ఇంజను శక్తి వెనక చక్రాలకే వెళుతుంది కాబట్టి ఈ కార్లలో వెనక హబ్బులే మొదట అరుగుతాయి.

ఎంత అరిగిందో కొలవడానికి హబ్బు మీదే ఒక కొలత దొరుకుతుంది. చక్రం ఆనని కొద్దిపాటి చోట పళ్ళు కొత్తవాటిలాగే మిగిలి ఉంటాయి. అక్కడి నుంచి అరిగిన చోటికి గోటిని జార్చండి. మెట్టు తగిలితే అరుగుదల లోతు ఆ మెట్టంత. చక్రం లోపలి పళ్ళను చూడటం కష్టం, కన్ను పట్టదు. టార్చి వేసి చూడండి, లేదా మెత్తని మైనం ముద్దను లోపల నొక్కి అచ్చు తీయండి. అచ్చులో పన్ను ఆకారం బయటపడుతుంది.

ఇంతకంటే మంచి పరీక్ష మీ డిక్కీలోనే ఉంది. స్టెప్నీ చక్రం! అది రోడ్డు మీదకు వచ్చేది తక్కువ, కాబట్టి దాని పళ్ళు మామూలుగా అన్నిటికంటే తాజాగా ఉంటాయి. ఆడుతున్న చక్రాన్ని తీసి, ఆ హబ్బుకే స్టెప్నీని తగిలించి, ఇందాకటి బ్రేకు పరీక్ష మళ్ళీ చేయండి. ఇప్పుడు ఆట పోయిందంటే అరిగింది చక్రం. ఇంకా ఆడుతోందంటే అరిగింది హబ్బు. తరువాత ఆ పాత చక్రాన్ని ముందు హబ్బుకు పెట్టి చూడండి. అక్కడా ఆడితే రెండూ పోయినట్టే. సుద్దముక్కతో గుర్తులు పెట్టమన్నది ఇందుకే. నాలుగు చక్రాలు, నాలుగు హబ్బులు, ఒక స్టెప్నీ, ఒక పూట సమయం ఉంటే ఏ యంత్రమూ లేకుండా ఏది మంచిదో ఏది కాదో పట్టిక రాసేయవచ్చు.

ఈ పట్టిక చూశాక చాలామంది చేసే పని ఒకటి ఉంది. డబ్బు పోసి విదేశం నుంచి కొత్త చక్రాలు తెప్పిస్తారు, వాటిని పాత హబ్బుల మీదే పెడతారు. చక్రాలు కనిపిస్తాయి, హబ్బులు కనిపించవు కదా! అరిగిన హబ్బు పళ్ళు కొత్త చక్రం పళ్ళను పూర్తిగా ఆనవు, కొసలతో పట్టుకుంటాయి. భారమంతా ఆ కొసల మీద పడి కొత్త చక్రం చూస్తుండగానే పాడవుతుంది. ఈ బల్ల మీది చక్రం అలా పోయిందే. స్పోకులు, రిమ్ము కొత్తవి. పళ్ళు చూడండి, ఒక్కొక్కరుగా వచ్చి వేలు పెట్టి చూడండి. జాగ్రత్త, కోసుకుంటుంది. డబ్బు ఒకదానికే ఉందంటే మొదట హబ్బులే మార్చమంటాను నేను. అవి వచ్చాక కూడా అరిగిన చక్రాన్ని వాటి మీద పెట్టకండి, పళ్ళు బాగున్న చక్రాలతోనే నడపండి.

పళ్ళతో పాటు చూడవలసినవి వాలు వలయాలు. చక్రం మధ్యభాగానికి రెండు కొసలా వాలుగా చెక్కిన అంచులుంటాయి. లోపలిది హబ్బు మీది వాలుకు, బయటిది నట్టు లోపలి వాలుకు ఆనుతుంది. చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోవడం ఈ రెండింటి వల్లే. నీలి మార్కింగు రంగు పలచగా పూసి, చక్రం పెట్టి, నట్టు బిగించి తీస్తే రంగు చుట్టూ సమానంగా అంటాలి. ఒక వైపే అంటితే అక్కడ దెబ్బ ఉంది. వలయం మీద గాట్లు, నీలి నలుపు మచ్చలు, సన్నని పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. పగులు కనిపిస్తే ఆ చక్రం కథ ముగిసింది.

ఇప్పుడు స్పోకులు. ఇక్కడ మీలో చాలామంది నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు, కాబట్టి మన తీరప్రాంతానికి సంబంధించిన సంగతులే చెబుతాను. పెళ్ళి ఫొటోల కోసం పాత కార్లను మైపాడు, కొత్తపట్నం బీచిల్లో ఇసుక మీదకు దింపడం ఈమధ్య వేడుకగా మారింది. ఫొటోలు బాగుంటాయి, కాదనను. ఉప్పునీటి తుంపర స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోట, నిపిల్ రిమ్ములోకి దూరే చోట నిలిచిపోతుంది. ఇంటికి రాగానే కడగాలి, అదీ మంచినీళ్ళతో. తీరం పక్క ఊళ్ళలో చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీరే. ఉప్పును ఉప్పుతో కడిగి బాగా కడిగామనుకోవడం ఎందుకు? కడిగాక గాలితో ఊది ఆరబెట్టండి. రొయ్యల చెరువుల గట్ల వెంబడి తిరిగే కార్లకూ ఇదే మాట.

నిపిల్ మూలన గోధుమరంగు చార కిందికి జారి ఉంటే లోపల తుప్పు, కదలిక రెండూ ఉన్నాయి. స్పోకులను చిన్న పానాతో ఒక్కొక్కటిగా తట్టి వినండి. బిగువుగా ఉన్నది మోగుతుంది, వదులుది మొద్దుగా పలుకుతుంది. ఆటోనగర్‌లో పగలు ఈ పరీక్ష చేయలేరు, పక్కన గ్రైండరు నడుస్తుంటే అన్ని స్పోకులూ ఒకేలా పలుకుతాయి. (నవ్వులు) తెల్లవారగానే చేయండి. వదులుగా ఉన్నదాన్ని వెంటనే బిగించబోకండి. తుప్పు పట్టిన నిపిల్‌ను తిప్పితే నిపిల్ తిరగదు, స్పోకు మెలితిరిగి తెగుతుంది. ముందు నూనె పట్టించండి.

టైరు, ట్యూబు విప్పకుండా చేసిన తనిఖీ సగం తనిఖీ. నిపిల్ తలలు రిమ్ము లోపలికి పొడుచుకు రాకూడదు, వస్తే ఆకురాయితో అరగదీయాలి. వాటి మీద రబ్బరు పట్టీ ఉండాలి. దాని బదులు ఇన్సులేషన్ టేపు చుట్టేవాళ్ళున్నారు. మన మే నెల ఎండకు ఆ బంక కరిగి టేపు జరుగుతుంది, నిపిల్ ట్యూబును పొడుస్తుంది. నిపిల్ రంధ్రాల్లోంచి గాలి పోతుంది కాబట్టి పాత పద్ధతి స్పోకుల చక్రానికి ట్యూబు తప్పనిసరి. కొత్త టైరు వేసేటప్పుడు దాని లోపల అంటించిన కాగితపు చీటీలు పీకేయండి, అవి ట్యూబును రాసి రాసి చిల్లు పెడతాయి. రిమ్ము లోపలి గాడిని స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. తుప్పు తిన్న ఇనుము పొరలుగా లేస్తుంది.

రంగు వేయడం తనిఖీ అయ్యాకే. వెండి రంగు మందంగా వేసిన చక్రాన్ని అమ్మకానికి తెస్తే నేను ముందు అనుమానిస్తాను. స్పోకులకు మెరుపు పూత పెట్టించాలని ముచ్చటపడేవాళ్ళకు ఒక మాట. పూత పనిలో వాడే ఆమ్లం వల్ల గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. పూత అయిన వెంటనే ఓవెన్‌లో సరైన వేడిమీద ఉంచి దాన్ని వెళ్ళగొట్టకపోతే స్పోకు పెళుసుబారి, ఉన్నట్టుండి తెగుతుంది. సైలెన్సర్లకూ బంపర్లకూ పూత పెట్టే చోట స్పోకులు ఇవ్వకండి.

వంకర సంగతి మీ చేతిలోని విద్యే. రిమ్ము మీద కొలవండి, టైరు మీద కాదు. పక్కకైనా, ఎత్తుపల్లాలకైనా, ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే నేను ఒప్పుకోను.

తిరిగి బిగించేటప్పుడు పళ్ళకు, వాలు వలయాలకు, మరకు గ్రీజు పలచగా పూయండి. మెత్తితే అది విసురుకు వెళ్ళి బ్రేకు మీద పడుతుంది. చక్రం గాలిలో ఉండగా తిప్పుతూ నట్టును కొంచెం కొంచెంగా బిగిస్తే చక్రం మధ్యలో కూర్చుంటుంది. తరువాత కారును దింపి చివరి బిగువు ఇవ్వండి. మర్నాడు ఒక 50 కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్ళీ సుత్తి వేసి చూడండి. కొద్దిగా జరగడం మామూలే. ప్రతిసారీ జరుగుతోందంటే మరలు తారుమారయ్యాయా, వలయం పగిలిందా అని చూడాలి.

ఎవరో చేయి ఎత్తారు, అడగండి.

(లేత్ పనివారు ఒకరు: అరిగిన పళ్ళ మీద వెల్డింగు పెట్టి మళ్ళీ చెక్కితే సరిపోదా, సార్?)

అడుగుతారని అనుకుంటూనే ఉన్నాను. చెక్కడం మీకు చేతనవుతుంది, మీ పనితనం మీద నాకు సందేహం లేదు. సందేహమంతా వెల్డింగు పడ్డ ఉక్కు మీద. పక్కన ఒక చోట పెళుసు, మరో చోట మెత్తదనం వస్తాయి. బ్రేకు వేసినప్పుడు కారు వేగాన్నంతా ఆపేది ఆ పళ్ళే, నట్టు కాదు. అక్కడ పగులు మొదలైతే బయటికి తెలియదు. పళ్ళ మధ్య రేకు ముక్కలు దోపి ఆట తీసేవాళ్ళను కూడా చూశాను. ఆ రేకు కొన్నాళ్ళకే పొడి అయిపోతుంది, ఆ పొడి మిగతా పళ్ళను గీకేస్తుంది. రెండూ వద్దండి.

(మరొకరు: బ్యాలెన్సింగు చేయించినా స్టీరింగు అదురుతోంది. ఎందుకని?)

టైర్ల షాపులో యంత్రం మీద చక్రాన్ని ఎలా పట్టారో చూశారా? మామూలు ఉక్కు చక్రాల కోసం ఇచ్చిన శంకువును ఈ గొట్టంలోకి దూర్చి ఉంటారు. అది పళ్ళ కొసల మీద ఆనుతుంది. ఈ చక్రాన్ని వాలు వలయాల మీదే పట్టాలి, కారు మీద కూర్చునేది అలాగే కదా. లేకపోతే యంత్రం లేని బరువు తేడాను చూపిస్తుంది, వాళ్ళు దానికి సీసం ముక్కలు కొడతారు. పాత హబ్బు ఒకటి తీసుకెళ్ళి, దాన్ని యంత్రం ఇరుసుకు సరిపడేలా లేత్ మీద చేయించుకోండి. ఇందాక అడిగిన అన్న ఇక్కడే ఉన్నారు, ఆ పని ఆయనకు అప్పగించండి. (నవ్వులు) అయితే బ్యాలెన్సు చేయించేముందు పక్క వంకర, ఎత్తుపల్లాలు సరిచేయండి. గుండ్రంగా లేని చక్రం సీసంతో గుండ్రమవదు.

ఇంకెవరైనా? లేకపోతే బయట చెట్టు కింద కారు సిద్ధంగా ఉంది. ఎడమ వెనక చక్రంతో మొదలుపెడదాం. హ్యాండ్‌బ్రేకు వేయడానికి ఒకరు లోపల కూర్చోండి.